నైవేద్యం కాలేదన్నాను

విఘ్ననాథునికి మ్రొక్కి, వాక్కునిచ్చిన తల్లికి మ్రొక్కి, వారిద్దరికన్న ముందే మ్రొక్కవలసిన అన్నపూర్ణకు ఈ వయసులో ఆలస్యంగా మ్రొక్కి, శ్రీ విశ్వావసు నామ సంవత్సర కార్తీక శుద్ధ ద్వాదశి నాడు కడపలో మా అమ్మాయి ఇంట కూర్చుండి ఇది వ్రాస్తున్నాను. ఏడు నెలలుగా నోట చెప్పలేకపోయిన సంగతి ఇది. వ్రాతలోనైనా దాచకుండ చెప్పగలనేమోనని ఈ ప్రయత్నం.

ముప్పది రెండేండ్లు బద్వేలు చుట్టుపట్ల ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితునిగా పనిచేశాను. భార్య గతించిన పిదప మా అమ్మాయి నన్ను తనతో తీసుకొని వచ్చింది. ఆమెకు కడపలో ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం. అల్లుడు బదిలీ మీద వేరొక జిల్లాలో ఉండి నెలకు రెండు మార్లు వచ్చిపోతాడు. స్వయంపాకం నాకు చదువుకునే నాటి నుండి అలవాటు. కావున అడగకుండానే వంటిల్లు నా చేతికి వచ్చింది.

మనుమరాలికి పదమూడవ ఏట ఆ జబ్బు బయటపడింది. చెంబులకొద్దీ నీళ్ళు త్రాగేది. తిన్నది ఏమవుతున్నదో తెలియకుండ నెల తిరగకముందే ఎముకల గూడైపోయింది. పిల్ల ఒంట్లో ఇన్సులిన్ అసలే ఊరడం లేదనీ, బ్రతికినన్నాళ్ళూ దినానికి నాలుగు మార్లు సూదితో లోపలికి పంపవలసిందేననీ వైద్యుడు చెప్పాడు. నాకూ పదునైదేండ్లుగా చక్కెర జబ్బున్నది. నేనెరిగిన చికిత్స ఒక్కటే: తీపి మానుట, అన్నం తగ్గించుట, ఉదయం ఒక మాత్ర. ఒక పూట పస్తుంటే మరీ మంచిదని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే పిల్లకు బియ్యం మాన్పించి, పూట పూటకూ రాగి సంగటి కెలికి పెట్టసాగాను.

“సంగటి పెడితే సూది అక్కరలేదనుకుంటాండావా నాన్నా?” అని మా అమ్మాయి నవ్వింది. “దాంట్లో ఉండేదీ పిండే కదా. మానిపించొద్దు. ఎంత పెట్టినావో చెప్పు, దానికి తగినట్టు సూది వేస్తాం.”

“ఒక ముద్ద పెట్టినాను.”

“ముద్ద అంటే ఎంత? నీ చేతి ముద్దా, నా చేతి ముద్దా?”

“తాత చేతి ముద్దయితే పుష్పగిరి కొండే!” అన్నది పిల్ల, అప్పుడే సూది గుచ్చుకున్న పొట్టను రుద్దుకుంటూ.

వడ్డించే చేయి లెక్క పెట్టరాదని, తినేవారి విస్తరివంక తేరిపార చూడరాదని మా అమ్మ నాకు నేర్పింది. అన్నాన్ని తూచడం నాకు మొదట అపచారంగా తోచింది. అయినా నేర్చుకున్నాను. చిన్న త్రాసు కొన్నాము. అన్నం గిన్నెకు, సంగటి ముద్దకు, అలసందల కూరకు, ఓళిగకు ఎంతెంత పిండి పదార్థమో అమ్మాయి ఒక కాగితం మీద వ్రాసి బియ్యం డబ్బా పైన అంటించింది. కొన్నాళ్ళకు ఆ కాగితం వంక చూడవలసిన పని లేకపోయింది. చెనిక్కాయల చట్నీతో కొర్రన్నం, ఉలవచారుతో కొలిచిన అన్నం, మెంతికూర పప్పు, ఇట్లా ఇంటిల్లిపాదికీ ఒకే వంట చేసి, పిల్ల వేరుగా తింటున్నానని అనుకోకుండ చూచుకున్నాను.

ఇందులో కొలత ఎంత ముఖ్యమో వేళ అంత ముఖ్యము. సూది వేసుకున్న పావుగంటకు కంచం ముందుకు రావాలి; లేకుంటే ఒంట్లో చక్కెర పడిపోయి తెలివి తప్పుతుంది. అందుచేత మా ఇంట ఒక పద్ధతి ఏర్పడింది. వంట ముగిసి, దేవునికి నివేదించి, కంచాలు పెట్టబోయే ముందు నేను “వేసుకోమ్మా” అని కేక వేసేవాణ్ణి. పిల్ల గడియారం చూచేది కాదు, వంటింట్లోకి తొంగి చూచేది కాదు. తాత పిలిచినాడంటే వేసుకునేది. రెండేండ్లు ఆ మాట ఒక్కనాడూ తప్పలేదు.

తప్పినది చైత్ర శుద్ధ నవమి నాడు. ఆదివారం.

శ్రీరామ జననం మీద నేను సీస పద్యాలు వ్రాసుకున్నాను. అచ్చు కాలేదు, అయ్యే ఆశ లేదు. ఏటేటా నవమి నాడు మధ్యాహ్నం వాటిని చదివి, ఆ తర్వాతనే పానకం, వడపప్పు, వంటకాలు నివేదించడం నా ఆచారం. పదకొండు పద్యాలు, పది నిమిషాల పని. ఆనాడు చిత్రాన్నం, పాయసం, ఓళిగలు చేశాను. తీపి ఉన్నది గనుక సూది మోతాదు కూడ పెద్దదే. అమ్మాయి దానిని లెక్క కట్టి పిల్లకు చెప్పి, వీధి చివర చలువ పందిట్లో పానకం పంచడానికి వెళ్ళింది. నేను దేవుని ముందు కూర్చుంటూ, పది నిమిషాలు చదువు, అయిదు నిమిషాలు వడ్డన అని మనసులో అనుకొని, “వేసుకోమ్మా” అన్నాను. నివేదనకు ముందు ఆ కేక వేయడం అదే మొదలు.

“తాతా, నీ సీసాలకు బ్రేకులుండవు. నిజంగా వేసుకోనా?”

“వేసుకో తల్లీ. పది నిమిషాలు.”

పిల్ల వేసుకొని, అక్షతలు పట్టుకొని వచ్చి గోడ కానుకొని కూర్చున్నది.

రెండవ పద్యంలో ఉండగా నా పాత శిష్యుడొకడు గడపలో నిలిచాడు. కడపలో రాళ్ళ వ్యాపారం చేస్తాడు. ముసల్మాను. పదవ తరగతిలో నా దగ్గర చదివినప్పుడు తరగతికంతటికీ వానికే పద్యం గొంతులో నిలిచేది. పండుగని కర్బూజా పండ్లు తెచ్చాడు. లోపలికి రమ్మంటే, “మీరు మడిలో ఉండారు కదా అయివారూ, ఈడనే కూర్చుంటా, చదవండి” అని గడప కవతల కూర్చున్నాడు.

వినేవాడు దొరికినాడు. అంతకన్న కారణం చెప్పలేను. మొదటి నుండి మళ్ళీ ఎత్తుకున్నాను. ఒక్కొక్క పద్యానికీ రాగం సాగదీశాను. తొట్టెల పద్యం ముగియగానే అతడు కన్నులు తుడుచుకొని, “ఇంగొక్కసారి అయివారూ, శానా బాగుండాది” అన్నాడు. ఇంకొకసారి చదివాను. ఆ సమాసాన్ని అక్కడ ఎందుకు పెట్టానో వివరించాను. పిల్ల ఒకసారి నా వంక చూచింది. మరొకసారి మణికట్టు మీద వ్రేలు పెట్టి చూపింది. ఈ కాలపు పిల్లలకు ఓర్పు లేదనుకున్నాను. అతిథి ముందు నన్ను చిన్నబుచ్చరాదని ఆమె నోరు విప్పలేదని తర్వాత తెలిసింది.

ఎనిమిదవ పద్యంలో పిల్ల తల ఒక ప్రక్కకు వాలింది. అక్షతలు ఒడిలోకి జారినాయి. “చూచితివా అప్పా, రాముడు పుట్టేవేళకు మా పాప నిద్రపోతున్నది” అని నవ్వాను కూడ.

అతడు నవ్వలేదు. మోకాళ్ళ మీదికి లేచాడు. “నిద్ర కాదు అయివారూ. ఆ చెమట్లు చూడండి. మా నాయనకు ఇట్లే అయితాది. పానకం తాపండి, బిరీన!”

పానకపు చెంబు నా చేతికి మూరెడు దూరంలో ఉన్నది.

“ఇంకా నైవేద్యం కాలేదప్పా” అన్నాను.

నా నోట వచ్చిన మాట అదే. అతడు చెంబు వంక చూచాడు, నా వంక చూచాడు. తాను తాకితే నా మడి చెడుతుందని ఆ దినం కూడ తలచినాడు, నేను అటువంటివాణ్ణని ఎరిగినవాడు గనుక. “దేవుడేమనుకోడు అయివారూ, మీరే ఈండి” అని చేతులు చాచి నిలిచాడు. నేను చెంబు అందుకొన్నాను. అందుకొని దేవుని పటం వైపు త్రిప్పి, నివేదన మంత్రం మొదలుపెట్టాను. రెండు ముక్కల్లో ముగించి ఇద్దామనుకున్నాను. మంత్రం ముగియకముందే మా అమ్మాయి వీధిలో నుండి వచ్చింది. ఒక్క చూపు చూచి, నా చేతిలోని చెంబు లాక్కొని పిల్ల ప్రక్కన కూలబడింది. పిల్లకు ఇంకా మ్రింగే తెలివి ఉన్నది. గుటక గుటకగా పానకం తాపించింది. వ్రేలు గుచ్చి చూస్తే చక్కెర నలుబది రెండు, డెబ్బదికి దిగరానిది. మరి కొంచెం తాపించింది. పావుగంటకు పిల్ల చూపు కుదుటపడింది.

“తాతా, రాముడు పుట్టినాడా?” అన్నది.

“పుట్టినాడు తల్లీ” అన్నాను. చదవని పద్యాలు ఇంకా మూడున్నాయి.

విస్తళ్ళు ఎత్తేటప్పుడు మా అమ్మాయి, “దేవుడు ఆగుతాడు నాన్నా, ఇన్సులిన్ ఆగదు. ఇన్నిసార్లు చెప్పినా కదా” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. శిష్యుడు భోజనానికి నిలువలేదు. ఆ తర్వాత రెండు మార్లు ఫోను చేసి పాప కుశలం అడిగినాడు. పద్యాల మాట ఎత్తలేదు.

మరుసటి దినం నుండి నివేదన తెల్లవారక ముందే, ఒక్క బెల్లపు ముక్కతో ముగించసాగాను. వంట దానితో సంబంధం లేకుండ సాగేది. మునుపటివలెనే “వేసుకోమ్మా” అనేవాణ్ణి. పిల్ల “ఆఁ తాతా” అని వచ్చి కూర్చునేది. సూది తీసేది కాదు. కంచం వచ్చేవరకు, కంచంలో అన్నం పడేవరకు చూచేది. అప్పుడు వేసుకొని వెంటనే తినేది. ఎవరినీ నొప్పించే పిల్ల కాదు. నా వంట తినడం మానలేదు, నవ్వడం మానలేదు. నా మాట నమ్మడం మాత్రం మానింది.

సూది ఆలస్యమైతే భోజనం తర్వాత చక్కెర ఎగురుతుంది. నెలన్నర తర్వాత వైద్యుని దగ్గరకు వెళ్ళినాము. పిల్ల పూట పూటకూ చక్కెర వ్రాసుకునే పుస్తకంలోని అంకెలు ఆయన చూచి, “భోజనం తర్వాత ఇంతింత వస్తాండాయే? మునుపు లేవే. పావుగంట ముందు వేసుకోవడం లేదా?” అని అడిగాడు.

“మర్చిపోతాండా సార్” అన్నది పిల్ల.

“పదవ తరగతి పాసయిన దానివి, ఇది మరిచిపోతావా?” అని ఆయన గట్టిగానే మందలించాడు. పిల్ల తల వంచుకొని విన్నది. నేను ఆ ప్రక్క కుర్చీలోనే ఉన్నాను. ఆ మరపు ఆమెది కాదని, ఆమె దేనినీ మరువలేదని ఒక్క వాక్యం చెప్పవలసినవాణ్ణి. బ్రతుకంతా వాక్యాలు కట్టుకొని జీతం తీసుకున్నవాణ్ణి, ఆ ఒక్కటి కట్టలేకపోయాను. మా అమ్మాయి నా వంక చూచింది. నేను కిటికీ వంక చూచాను. తిరిగివచ్చేటప్పుడు ఆటోలో పిల్ల నా చేయి తట్టి, “ఏమీ కాదులే తాతా” అన్నది. ఆ ఓదార్పు తీసుకొని ఊరకుండినాను. పానకం నాటి తప్పు తొందరలో జరిగిందని చెప్పుకోవచ్చు. ఇది తీరికగా కుర్చీలో కూర్చుని చేసినది.

విశ్వావసు సంవత్సర జ్యేష్ఠ బహుళ పంచమి నాడు మనుమరాలు కర్నూలులో ఇంటర్మీడియట్‌లో చేరి, అక్కడి హాస్టలులో ఉంటున్నది. ఆశ్వయుజ శుద్ధ దశమి నాడు సెలవులకు ఇంట ఉండగా నేను వండి పిలిచాను. వచ్చి కూర్చున్నది. కంచంలో అన్నం పడిన తర్వాతనే సూది వేసుకున్నది.