పలకని రెండు పిలుపులు

2022 వర్షాకాలంలో మల్కాపురంలో అప్పలనాయుడు గారనే పెద్దాయనను చూసుకునే పనికి కుదిరాను. మంచాన పడ్డవాళ్ళను వాళ్ళ ఇంట్లోనే ఉండి చూసుకునే మమ్మల్ని హోమ్ కేర్ అటెండర్లు అంటారు. స్నానం చేయించడం, మందులు వేయడం, ఒళ్ళు పుండ్లు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టడం మా పని. ఆయనకు ఎనభై దాటి చాలా ఏళ్ళయింది. తుంటి విరిగింది గానీ మాటా జ్ఞాపకమూ గట్టివే. మంచం పక్క కిటికీలోంచి పోర్టు క్రేన్లు, వాటి సందుల్లో సముద్రం కనిపించేవి.

చేరిన రోజే హడలిపోయాను. రెస్పాన్స్ చూడడం అని మా పనిలో ఒకటుంది. రోగిని పేరు పెట్టి పిలిచి, పలుకుతున్నాడో లేదో చూడాలి. దీపాలు పెట్టే వేళ పిలిచాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ పిలిచినా అంతే. డాక్టరుకు ఫోన్ చేద్దామని తీసి, ఎందుకో ఇంకోసారి పిలిచాను.

"ఇంటన్నాను కదే, ఎందుకలా అరుత్తన్నావ్?" అన్నారు.

"మరి పలకవేటి తాతా?"

"పొద్దు గూకినాక మూడోపాలి పిలిత్తేగానీ పలకకూడదు. మడిసైతే మూడోపాలి పిలుత్తాడు. ఇంకోటైతే రెండుతో ఊరుకుంటాది. మా అయ్య నేర్పినాడు."

మా అమ్మ కూడా ఇదే చెప్పేది. నవ్వి, జావ పట్టాను.

ఆ అయ్య సంగతే ఆయన్ని లోపల తినేస్తూ ఉండేది. ఆ తండ్రి పద్మనాభం అనే ఊళ్ళో పొలం పని వదిలి, తెల్లదొరల కాలపు యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరాడట. ఇక్కడే, పోర్టు దగ్గర, కాపలా డ్యూటీ పడింది. కాపలాలో నిద్రపోయాడని కోర్టు మార్షల్ పెట్టారు. అంటే సైన్యం తన మనుషులను తానే విచారించుకునే కోర్టు. జైల్లో ఉంచి, ఉద్యోగం తీసేసి పంపేశారు. ఊళ్ళో ఆయన పేరు నిద్ర సిపాయి అయింది, ఈయన నిద్ర సిపాయి కొడుకయ్యాడు. ఆ మాట పడలేకే కుర్రతనంలో మల్కాపురం వచ్చేశారు. తండ్రి మాత్రం పోయేదాకా ఆ రాత్రి గురించి నోరు విప్పలేదు.

"నాను పోయేలోగా ఒక్కటి తెలాలే. నిద్దరోయినాడా, లేదా?" అని నన్ను అడుగుతూ ఉండేవారు. 

అలాంటి రోజుల్లో శ్రావణి అనే అమ్మాయి వచ్చింది. పుస్తకం రాయాలని చరిత్రలో పరిశోధన చేస్తోంది. యుద్ధకాలపు కోర్టు మార్షల్ రికార్డుల నకళ్ళు చదువుతుంటే ఈ కేసు దొరికిందట. సిపాయి ఊరు పేరు పట్టుకుని పద్మనాభం వెళ్ళి, అక్కడ అడిగి ఇక్కడికొచ్చింది.

"తీర్పు ఒక్క లైనే ఉంటుంది తాతయ్యగారూ. నేను వాంగ్మూలాల కోసం చదువుతాను. మామూలు సిపాయి మాట ఇంకెక్కడా దొరకదు," అంది. "మీ నాన్నగారు తెలుగులో చెబితే ఒకరు హిందుస్తానీలో చెప్పారు, ఇంకొకరు ఇంగ్లీషులో రాసుకున్నారు. నేను మళ్ళీ తెలుగు చేసి చదువుతున్నాను. ఇన్ని చేతులు మారిందని గుర్తుపెట్టుకుని వినండి."

బయట చీకటి పడుతోంది. చదవడం మొదలుపెట్టింది. "నేను మేల్కొనే ఉన్నాను. సముద్రం వైపు నుంచి నన్ను పేరు పెట్టి పిలిచారు. పలకలేదు. మళ్ళీ పిలిచారు. పలకలేదు."

"పేరెట్టి పిలిసినారు బాబూ. పలకనేదు. మళ్ళీ పిలిసినారు, పలకనేదు," అన్నారు తాత, పెదవులు కదిలీ కదలకుండా. "మా అయ్య నోటయితే ఇలాగుంటాది."

ఆ గొంతు నేను రోజూ వినే గొంతు కాదు. 

"ఎందుకు పలకలేదని కోర్టు అడిగింది. మూడోసారి పిలవలేదు అన్నారట. ఇదే నాకు అర్థం కాలేదు," అంది శ్రావణి.

నాతో చెప్పిందే తాత ఆ పిల్లకీ చెప్పారు. ఆమె గబగబా పేజీలు వెనక్కి తిప్పింది. "కానీ కాపలా తనిఖీకి వచ్చిన హవల్దారు తాను పిలవనే లేదన్నాడు. నిద్రలో పట్టుకుందామని వెనక నుంచి, రోడ్డు వైపుగా, చప్పుడు చేయకుండా వచ్చి తుపాకీ లాక్కున్నాడట."

"మరెవలు పిలిసినారు?"

శ్రావణి ఇంకో పేజీ తిప్పింది.

"శిక్ష తప్పించుకోడానికి మీ నాన్నగారు కల్పించారని కోర్టు అనుకుంది," అంది. "నాకూ ఆ అనుమానం వచ్చింది. కానీ ఇంకో సాక్షి ఉన్నాడు. ఒడ్డున పడవలో పడుకున్న మనిషి. నీళ్ళ మీంచి ఎవరో ఒక పేరు రెండుసార్లు పిలవడం విన్నాను, అటు పడవేదీ లేదు అన్నాడు. కేసుకు సంబంధం లేదని రాసి, అతన్ని పంపేశారు."

తాత ఏడ్చారు. చెవుల్లోకి కారుతున్న కన్నీళ్ళు తుడుస్తూ కూర్చున్నాను. "అయితే మా అయ్య నిద్దరోనేదు," అన్నారు. అన్నాక ఏడుపు ఠక్కున ఆగింది. మెల్లగా మొహం కిటికీ వైపు తిప్పారు. నాకూ అప్పుడే తట్టింది. సిపాయి మెలకువగా ఉన్నాడని నమ్మాలంటే పడవ మనిషి మాట నమ్మాలి. అతని మాట నమ్మితే, అతను విన్నది కూడా నమ్మాలి.

"కిటికీ ఎయ్యనా తాతా?"

"ఒద్దు. ఉండనీ." తర్వాత శ్రావణిని అడిగారు, "పుస్తకంలో ఏటి రాత్తావమ్మా?"

"మేల్కొని ఉన్నారనడానికి సాక్ష్యం ఉందని రాస్తాను. పిలిచిందెవరో తెలియదని రాస్తాను."

"రెండూ రాయి. ఒకటి రాసి ఒకటి మానేత్తే ఆ కోర్టోలికీ నీకూ తేడా ఏటుంది?"

మర్నాడు నా చేత పద్మనాభానికి ఫోన్ చేయించి, చుట్టాలందరికీ ఆయనే చెప్పుకున్నారు. "మా అయ్య నిద్దరోనేదురా... పిలిసిందెవలా? నాకేటి తెలుసు, సంద్రాన్నడుగు."

ఆ ఏడాది చివర్లో ఆయన పోయారు. నా పని మాత్రం ఆ సాయంత్రం నుంచే మారింది. అంతకుముందు, ఎవరో వచ్చారని రోగులు అంటే, ఎవరూ లేరు పడుకో అనేదాన్ని. రిపోర్టులో కన్ఫ్యూజన్ అని, అంటే మతి స్థిమితంగా లేదని, ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేదాన్ని. మనకు పనికొచ్చే ముక్క ఉంచుకుని, భయపెట్టే ముక్క పారేస్తే అది ఆ మనిషి చెప్పిన మాట కాదని ఇప్పుడు తెలుసు.

మొన్న పరవాడలో ఒక ముసలామె, మంచం కాళ్ళ దగ్గర ఎవరో నిలబడ్డారంది. లేరని అనలేదు నేను.

"ఆ నిలబడ్డోలు ఎటేపు సూత్తన్నారమ్మా?" అని అడిగాను.

"నీ ఏపే," అంది.

రిపోర్టులో అలాగే రాశాను.