ఎవరూ వేయని నల్ల గోళీ

చర్చి మగవాళ్ళ సోదర సంఘానికి ఓటు పెట్టె చేసిచ్చింది వడ్రంగి ఎల్యుతేరియో. ఇలోయిలో అనే పట్నం పక్కనున్న ఆ ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆయన మానోంగ్ తెర్యో, అంటే తెర్యో అన్న. సంఘంలో కొత్తవాణ్ణి చేర్చుకోవాలంటే సభ్యులు ఒక్కొక్కరే వచ్చి, పెట్టె కన్నంలో చెయ్యి పెట్టి, లోపలి అరలోంచి ఒక గోళీ తీసి కిందికి వదలాలి. తెల్లదైతే సమ్మతం. నల్లది ఒక్కటి పడినా ఆ మనిషి బయటే. తెల్లవాటిని తేలిక కర్రతో, నల్లవాటిని చేవ కర్రతో చేశాడు తెర్యో. ఏది పడిందో ఆయన చెవికి తెలిసిపోయేది. ముప్పయ్యేళ్ళుగా ఆ సంగతి తనలోనే దాచుకున్నాడు.

ఆ ఆదివారం పూజ అయ్యాక ఓటుకొచ్చిన పేరు దోమింగో సరబియా. ఇసుక లారీల యజమాని. చర్చికి కొత్త రేకులు వేయించాడు. తన ఇంటి తలుపుల పనంతా తెర్యోకే అప్పగించాడు.

నెల కిందట తెర్యో పాక ఎదుట, జిగురన్నం పొట్లాలమ్మే పాసింగ్‌ని గుద్ది ఆగకుండా పోయింది అతని లారీయే; ఆమె బతకలేదు. ఆకు పొట్లాలు బురదనీళ్ళలో తేలడం తెర్యో చూశాడు. స్టీరింగు వెనక దోమింగో ముఖమూ చూశాడు. పోలీసులు అడిగితే, "దుమ్ములో ఏమీ కనబడలేదు" అన్నాడు. కానుతో అనే నేస్తం దగ్గర మాత్రం నోరు జారాడు.

ఓటు పెట్టె కన్నంలోనైనా నిజం చెప్పొచ్చనుకున్నాడు. పన్నెండు చప్పుళ్ళు విన్నాడు, అన్నీ తేలికవే. ఆఖరిది తన వంతు. నల్ల గోళీ బరువు వేళ్ళకి తగిలింది. కాసేపు పట్టుకుని, తిరిగి అరలోనే పెట్టేసి, తెల్లది తీసి వదిలాడు.

"పదమూడూ తెల్లవే," అన్నాడు అధ్యక్షుడు. చప్పట్లు కొట్టారు.

వరండాలో కాఫీ తాగుతూ ఆ నేస్తం తెర్యోతో అన్నాడు: "నువ్వేస్తావనుకున్నా మానోంగ్. చూసింది నువ్వేగా. ఆ ధైర్యంతోనే నేను తెల్లది వేశా."

"ఎంతమందికి చెప్పావురా?"

"అందరికీ చెప్పాడు," అన్నాడు పక్కనున్న గిల్. "పన్నెండుమందిమీ నీ భుజాలెక్కి కూర్చున్నాం. అసలే నీవి మోకాళ్ళ నొప్పులు."

ఎవరూ నవ్వలేదు.

తర్వాత రోజూ, ఒకప్పుడు పొట్లాలమ్ముతూ పాసింగ్ వేసే కేక వినబడే నాలుగ్గంటల వేళకి, తెర్యో చేతిలో చిత్రిక దానంతటదే ఆగేది. వీధి నిశ్శబ్దంగా ఉండేది. అప్పుడు వినబడేది, పెట్టెలో గోళీ పడ్డ తేలిక చప్పుడు. జపమాల పూసల్లోనూ అదే. అన్నం గిన్నె మీద మూత పెట్టినా అదే.

ఓ రోజు పాసింగ్ భర్త వచ్చాడు. "సమాధికి శిలువ కావాలి మానోంగ్. చేవ కర్రతో చెయ్యి, వానకి పాడవకూడదు." గుమ్మం దాటబోతూ ఆగాడు. "ఎవరో ఒకరు చూసే ఉంటారు కదా?"

తెర్యో కొలతలు రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

నల్లగోళీలు చేసిన దుంగలో మిగిలిన ముక్కతోనే శిలువ చేశాడు. దాన్ని సమాధి దగ్గర పాతి, చేతుల మట్టయినా కడుక్కోకుండా పోలీసు స్టేషనుకి నడిచాడు.

పోలీసు పాత కాగితం వెతికి తీశాడు. "దుమ్ములో కనబడలేదన్నారుగా మానోంగ్?"

"దుమ్మెక్కడిది నాయనా. ఆ రోజంతా వాన."

పోలీసు కొత్త కాగితం తీసుకుని, ఎవరో చెప్పమన్నాడు. తెర్యో చెవిలో ఆ తేలిక చప్పుడు మళ్ళీ పడింది. అది ఆగేదాకా చూడకుండా పేరు చెప్పాడు.