మేకుకు వేలాడిన కొత్త గాస్కెట్

పాత కార్లకు విప్పిన గాస్కెట్‌నే మళ్లీ వేయొచ్చా అని అడిగేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ యాంగోన్‌లో, అదే మన రంగూన్‌లో, రోజూ ఎవడో ఒకడు అడుగుతాడు. ఇంజన్ బ్లాకుకీ పైనుండే హెడ్డుకీ మధ్య పడే రేకు అది. ఒకసారి బోల్టుల కింద నలిగిందంటే దాని పని అయిపోయినట్టే. పూర్తిగా రాగిదైతే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది, ఒప్పుకుంటాను. పొరలు పొరలుగా ఉన్నదైతే పారేయాల్సిందే. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. అలాంటి నేనే ఒకసారి పాతది వేశాను.

అహ్లోన్ పేటలో రేవు పక్కన నా షెడ్డు. వచ్చేవాళ్లందరూ నన్ను ‘సయా’ అంటారు. బర్మీస్‌లో పంతులునీ మేస్త్రీనీ పిలిచే గౌరవపు మాట అది. ఇంట్లో నాతో తెలుగు మాట్లాడింది మా ఆవిడ ఒక్కతే. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు బర్మీస్‌లోనే ఇస్తుంది. అన్నం తిన్నావా అని తెలుగులో అడిగే దిక్కు లేదు నాకు.

ఒక్క మనిషి ఉండేది. పబేడాన్ పేటలో ఉంటున్న రిటైరైన టీచరమ్మ. చనిపోయిన భర్త ముచ్చటపడి కొన్న పాత కారును తనే నడుపుకునేది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అక్కని మావాళ్లు ‘అప్ప’ అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నేను బండి కింద దూరితే తను స్టూలు మీద కూచుని, “ఏటి తమ్ముడూ, ఈయేల ఏటి కూర?” అని మొదలుపెట్టేది. ఇంజన్‌లో ఏదో చప్పుడని నెలకోసారి వచ్చేది. ఒక్కోసారి ఏ చప్పుడూ ఉండేది కాదు. పెద్దావిడ చెవులు కదా అనుకునేవాణ్ణి.

కిందటేడు వానలు వెనకబట్టాక వాల్వుల పనిమీద ఆ బండి హెడ్డు విప్పాను. బ్యాంకాక్ నుంచి తెప్పించిన కొత్త గాస్కెట్ మేకుకు వేలాడుతోంది. ఇన్ని పనులూ చేసి అదీ వేస్తే రెండేళ్ల దాకా ఈ బండి నా గుమ్మం తొక్కదు. ఆ ఆలోచన రాగానే బెంగ పట్టుకుంది. నా బుద్ధి గడ్డి తింది. పాతదాన్నే తుడిచి, గమ్ము రాసి బిగించాను. నెలలో నీళ్లు కారతాయి, అప్ప వస్తుంది, అప్పుడు కొత్తది వేద్దాంలే అనుకున్నాను. కొత్తదే వేశానని అబద్ధం కూడా చెప్పాను.

మూడు వారాలకే అప్ప ట్వంటే అనే ఊరెళ్లి కుండలు కొనుక్కుని వస్తుంటే ఇంజన్ ఉడికిపోయింది. మిట్టమధ్యాహ్నం, వరి పొలాల మధ్య, రెండు గంటలు ఒక్కతే ఎండలో నిలబడిందట. హెడ్డు వంకరపోయింది, బ్లాకు పగిలింది. కారును తుక్కుకి ఇచ్చేసింది.

తర్వాత ఒకరోజు బస్సు దిగి, గొడుగేసుకుని షెడ్డుకి వచ్చింది. స్టూలు మీద కూచుని ఒక చిన్న మట్టికుండ నా చేతిలో పెట్టింది.

“నీకనే కొన్నాను, నీళ్లు సల్లగుంటాయి. బండి పోతే పోయింది గానీ తమ్ముడూ, ఇంక ఏ వంక సెప్పి నీకాడికి రాను? సప్పుడొస్తందని సగం అబద్దాలే సెప్పీదాన్ని. తెలుగు మాటాడ్డానికి నాకు మాత్రం ఎవలున్నారు?”

వంకలెందుకప్పా, రోజూ రా అంటే సరిపోయేది. ఆ ఒక్కమాట అని ఊరుకుంటే ఆవిడ మర్నాడు కూడా వచ్చేదే. కానీ ఆ కుండ చేతిలో పెట్టుకుని ఎలా ఊరుకోను? మేకు చూపించాను.

“అప్పా, కొత్త గాస్కెట్ అదిగో. నేను పాతదే ఏసినాను. నువ్వు మళ్లీ వస్తావని.”

ఆ మేకు వైపు చూసింది. తిడుతుందేమో, తిడితే బాగుండుననుకున్నాను. గొడుగు తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, నాతో ఎన్నడూ మాట్లాడని బర్మీస్‌లో, “వెళ్తున్నాను, సయా” అంది.