పాటిదిబ్బలో వాలుగ దవడ

వంశధార ఒడ్డున, పాతకాలపు ఊరు పూడిపోయిన పాటిదిబ్బ తవ్వుతుంటే, రాగసుధ గోతిలోంచి రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధ భిక్షువు ఒకాయన లేచి కూర్చుని, “అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు,” అని అడిగాడు. సరే, భిక్షువు కాదు. గుండు మాత్రం నిజం. లేచిందీ నిజమే. ఆయన తవ్వకాల శిబిరం నడిపే ప్రొఫెసర్ నరసింగరావు. గోతిలో బోర్లా పడుకుని మట్టి పొరలు చూసి అప్పుడే లేచారు. మే నెల ఎండలో ఎవరైనా మంచినీళ్ళే అడుగుతారు.

రాగసుధది పొందూరు. రాజాంలో డిగ్రీ చదువుతూ, వేసవి సెలవుల్లో తవ్వకం పని నేర్పుతారంటే పేరిచ్చింది. తీరా వస్తే, అక్కడ తవ్వితే తిడతారు. గీకాలి. చిన్న తాపీతో, పాయసం గిన్నె అడుగు గీకినట్టు పొర పొరగా గీకాలి. ఏది కనిపించినా ముట్టుకోకుండా కేకెయ్యాలి. అన్నిటికీ మించి, బయటి వస్తువేదీ గోతిలోకి తేకూడదు. తెచ్చినవాళ్ళకి మర్నాడే ఇంటికి బస్సు. శీతాకాలంలో జరిగే పెద్ద తవ్వకానికి ఈ శిబిరం నుంచి ఒక్కరినే తీసుకుంటారు. ఆ ఒక్కరూ తనే కావాలని రాగసుధ కోరిక. మొదటి వారంలోనే ఆమె గోతి గోడ ఒకటి కూలి, ఆ కోరిక మీద కాస్త మట్టి పడింది.

తర్వాత ఒక సాయంత్రం మంచి కుండపెంకు దొరికింది. దానిమీద వెంట్రుకల్లాంటి గీతలు, వాటినిండా మట్టి. శిబిరంవాళ్ళిచ్చిన బ్రష్షు ఆ గీతల్లోకి దిగలేదు. పొందూరు పిల్లకి ఇంకేం తోస్తుంది? సంచిలోంచి వాలుగ చేప దవడ తీసింది. అక్కడ నూలు వడికేవాళ్ళు పత్తి ఏకేది దాంతోనే. దువ్వెనకన్నా సన్నటి పళ్ళు. నానమ్మ ఈశ్వరి వాడే దవడ అది, చెప్పకుండా తెచ్చేసింది. పెంకు తళతళలాడింది. దవడ మాత్రం సామాను సర్దే హడావిడిలో గోతిలోనే పడిపోయింది.

మర్నాడు అదే గోతిలో ఆమెతోపాటు పనిచేసే హరిచరణ్ కేక వేశాడు.

“ఒసే రాగసుధా, పళ్ళే! ఏటో జంతువు పళ్ళే! ముట్టుకోకు!”

ప్రొఫెసర్ పరుగున వచ్చి మోకాళ్ళమీద కూర్చున్నారు. వంటమనిషి చినబాబు గరిటెతో సహా వచ్చి తొంగిచూశాడు. “ఇది పొందూరోళ్ళు పత్తేకేది కదండీ బాబూ!”

నరసింగరావుగారి గుండు ఇంకాస్త మెరిసింది. “అంటే ఈ దిబ్బమీద రెండు వేల ఏళ్ళ కిందటే సన్ననూలు వడికారన్నమాట! చినబాబూ, రేపు పేపర్లవాళ్ళొస్తారు, టిఫిన్ ఎక్కువ చెయ్యి.”

రాగసుధ దాన్ని చూడగానే గుర్తుపట్టింది. చెబితే ఇంటికి బస్సు. చెప్పకపోతే తన ఊరికి రెండు వేల ఏళ్ళ ఘనత ఊరికే వస్తుంది. ఎవరికి నష్టం? ఇలా మనసుకి సర్దిచెప్పుకుంటుండగా నానమ్మ ఫోన్ చేసింది.

“ఒసే, నా వాలుగ దవడ నువ్వట్టుకెళ్ళిపోనావేటి?”

“ఎందుకే నానమ్మా?”

“ఎందుకేటే? పత్తంతా అలాగే పడున్నాది. అలాటిది మళ్ళీ దొరుకుతాదేటి? ఎక్కడున్నాదో సెప్పు.”

“బద్రంగానే ఉన్నాదే. మ్యూజియానికి ఎళ్తన్నాది.”

“మ్యూజియానికా? నానింకా బతికే ఉన్నానే!”

మర్నాడు పేపర్లవాళ్ళకన్నా ముందే రాగసుధ ప్రొఫెసర్ గుడారం ముందు నిలబడింది.

“సార్, అది పాతది కాద్సార్. మా నానమ్మది. గోతిలోకి నేనే తెచ్చాను. పడిపోయింది.”

ఆయన నమ్మలేదు. నమ్మడానికి మనసొప్పలేదు అనాలి. “మీదేనని రుజువేమిటి?”

“పళ్ళ సందున చూడండి సార్.”

భూతద్దం పెట్టి చూశారు. సందులో తెల్లటి దూదిపోగు, మొన్నమొన్నటిది, గాలికి ఊగుతోంది.

ఆయన భూతద్దం జేబులో పెట్టేసుకున్నారు. వెనకనుంచి హరిచరణ్ అందుకున్నాడు. “ఒసే, పేపరోళ్ళ కోసం నాను తలంటు కూడా పోసేసుకున్నానే!”

“మీ ఊరికి బస్సు ఎన్నింటికి?” అన్నారు చివరికి నరసింగరావుగారు.

రాగసుధ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఇప్పుడే ఉంది సార్.”

“ఎక్కు. అది మీ నానమ్మ చేతిలో పెట్టి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని రా. పేపర్లవాళ్ళని సాయంత్రం దాకా టిఫిన్లతో ఆపుతాను. నా దగ్గర చూపించడానికి ఏం మిగల్లేదు, పత్తి ఏకడమైనా చూపిద్దాం.” ఆమె కదిలాక మళ్ళీ పిలిచారు. “శీతాకాలం తవ్వకానికి వచ్చినప్పుడు మాత్రం, నీ సంచి వెతికాకే గోతిలోకి దింపుతాను.”

ఆ తర్వాతి రోజు పేపర్లో తవ్వకాల సంగతి నాలుగు ముక్కలు. ఈశ్వరి ఫొటో అరపేజీ.

ఇదంతా రాసి నేను రాగసుధకి చదివి వినిపిస్తే, చివరిదాకా విని, చెప్పులేసుకుని లేచింది.

“ఒక్క ముక్కా నిజం కాదు తాతా. నాను ఏ కేంపుకీ ఎళ్ళనేదు. ఆ ఎండాకాలవంతా సాలూర్లో మా పిన్నింటికాడే ఉన్నాను.”