నేను చూడని చివరి రీలు

నా చిన్నప్పుడు, అంటే మా తాలూకా బళ్లారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాలోకి వచ్చిన కొత్తలో, ఎమ్మిగనూరులో మా నేతగాళ్ల వీధి ఆడవాళ్లు సినిమాలను ఎక్కువగా చెవులతోనే చూసేవాళ్లు. ఆదోనికి పోయి సినిమా చూసి వచ్చినవాళ్లు ఎవరైనా సరే, మరునాడు మధ్యాహ్నం మా పంచలో కూర్చుని కథంతా చెప్పాలి. తక్కినవాళ్లు రాట్నాలు ముందేసుకుని, మగ్గానికి కావలసిన దారం కండెలు చుడుతూ వింటారు. కథ అయిపోయాక బాగుందా బాగలేదా అని అడుగుతారు. చెప్పినవాళ్ల మాటను బట్టే మిగిలినవాళ్లు బస్సెక్కడమో మానుకోవడమో జరిగేది. అంత పెద్ద అధికారం నా చేతికి వచ్చేనాటికి నాకు పదేళ్లు.

ఆదోనిలో దూది మిల్లులో పనిచేసే మా మేనమామ ఇంట్లో వారం రోజులుండి, తిరిగి వచ్చే ఆదివారం ఆయనతో మ్యాట్నీకి పోయాను. సినిమా పేరు ఇప్పుడు గుర్తులేదు గానీ కథ గుర్తుంది. అత్తతో మాటామాటా పెరిగి ఒక కోడలు పుట్టింటికి పోతుంది. కొన్నాళ్లకు మనసు ఉండబట్టక తనే తిరిగి వస్తుంది. వానలో తడుస్తూ వాకిట్లో నిలబడి తలుపు తడుతుంది. లోపల భర్త మంచం మీంచి లేచి నిలబడతాడు. సరిగ్గా అక్కడ మా మామ నా రెక్క పట్టుకుని లేపాడు. ఆరు గంటల బస్సు తప్పితే మళ్లీ తెల్లవారే దాకా ఎమ్మిగనూరుకు బస్సు లేదు. వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, ఎవరెవరి కాళ్లో తొక్కుతూ, వాళ్ల తిట్లు తింటూ బయటికి వచ్చాను.

ఇక్కడ మా పక్కింటి అక్క గురించి చెప్పాలి. ఆమెను ఆదోనిలోనే ఇచ్చారు. మొగుడికి మా మామ పనిచేసే మిల్లులోనే పని. అత్తతో ఏదో పట్టింపు వచ్చి అక్క పుట్టింటికి వచ్చేసి అప్పటికి నాలుగు నెలలు. ఎవరిది తప్పో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. మా మగ్గానికి కండెలు చుట్టేది ఆమే. రోజూ నాకు జడ వేసేదీ ఆమే. ఆ నాలుగు నెలల్లో వాళ్లాయన దగ్గరనుంచి ఒక్క మాట రాలేదు. ఆ ఆదివారం మా మామ నన్ను ఇంట్లో దింపి, నేరుగా పక్కింటికి పోయి వాళ్లమ్మకు కబురు చెప్పాడు. అక్క మొగుడు వచ్చే ఆదివారం మ్యాట్నీ వేళకు ఆమెను నేను పోయిన టాకీసు దగ్గరికే రమ్మన్నాడట, ఆ సినిమానే చూసి అట్లే ఇంటికి పోదామన్నాడట. అత్తవారి గడప తొక్కడానికి మొహం చెల్లక ఆ దారి వెతుక్కున్నాడు పాపం. కబురు చేరవేసి, మామ పొద్దున్నే మొదటి బస్సుకు పనిలోకి వెళ్లిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం మా పంచ నిండిపోయింది. నేను గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, పెద్ద మనిషి మాదిరి మొదలుపెట్టాను. మూడు గంటలకు ఆట మొదలు, మూడున్నర గంటల సినిమా అని ముందే గొప్పలు పోయాను. కథ నడుస్తున్న కొద్దీ రాట్నాలు ఒక్కొక్కటే నెమ్మదించాయి. వానలో కోడలు తలుపు తట్టేసరికి అన్నీ ఆగిపోయాయి. “మళ్లా?” అని నలుగురూ ఒక్కసారే అడిగారు.

అప్పుడు చెప్పవలసింది, చూడలేదని. కానీ అంతకుముందు నెలలోనే మా వీధిలో ఒకామె సగం సినిమాలో నిద్రపోయి వచ్చిందని తెలిసి, ఎన్నాళ్లపాటు ఆమెను ఆటపట్టించారో నేను కళ్లారా చూశాను. అంత మంది నా నోటి వంక చూస్తుంటే, చూడలేదనే మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. భర్త తలుపు తీయలేదని, ఆమె ఆ వానలోనే నడుచుకుంటూ పోయి ఏట్లో పడిందని చెప్పేశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. బాగుందా అని అడిగితే, పెద్దవాళ్ల నోట విన్న మాటలన్నీ కలిపి నా అభిప్రాయం కూడా పారేశాను. “ఏం బాగలేదు. తప్పంతా ఆయమ్మదే. మొగుడిల్లు ఇడిసిపెట్టి ఎవురు రమ్మన్నారు?”

పక్కింటి అక్క అక్కడే, స్తంభం పక్కన కూర్చుని ఉంది. ఒక్కటే అడిగింది.

“తలుపు తీయనే ల్యాదా?”

“తీయల్యాదక్కా,” అన్నాను నేను, ఏమాత్రం తడుముకోకుండా.

అక్క తల వంచుకుని మళ్లీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం మా తాత మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, ఆమె చుట్టిన కండె తీసి, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టబోతే అది పట్టలేదు. ఇంకొకటి తీస్తే అదీ పట్టలేదు. అక్క అన్నిటినీ లావుగా చుట్టేసింది. పెళ్లికి ముందు గానీ, ఈ నాలుగు నెలల్లో గానీ ఆమె చేతిలో అట్లాంటిది ఎన్నడూ జరగలేదు. తాత ఒక్కో కండెకూ మీది దారం తీసి సరిచేసుకున్నాడు. నేను చూడనట్టు నటించాను.

మరునాడు పొద్దున గోడ అవతల అక్క గొంతు వినిపించింది. “నేను పోనమ్మా. నన్ను పిలిసింది ఆ సినిమా సూపించేదానికా? వానలో నిలబడినా తలుపు తీయనని నలుగుర్లో కూర్చోబెట్టి సెప్పేదానికా?” వాళ్లమ్మ ఎంత బతిమాలినా వినలేదు. ఆ తల్లి మా ఇంటికి వచ్చి, నువ్వన్నా చెప్పప్పా అని మా తాత ముందు కన్నీళ్లు పెట్టుకుంది. ఈసారి పోకపోతే వాళ్లాయన మళ్లీ పిలవడని, ఆయన సంగతి తనకు తెలుసని అన్నది. నేను వంటింట్లో గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. అంతా విన్నాను. అయినా నోరు తెరవలేదు. భయం అట్లాంటిది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. మగ్గం మీదున్న గుడ్డను ఎవరూ బాగుందనకూడదు, బాగలేదనకూడదు. వచ్చిన చుట్టాలు పొరపాటున అన్నా మా జేజి, అంటే నాయనమ్మ, మాట మార్చేసేది. అట్లాంటిది ఆ గురువారం తాతే నన్ను పిలిచి, మగ్గం మీది చీర చూపించి, ఎట్లుందో చెప్పమన్నాడు. నాకు ఒళ్లు పొంగింది. వంగి చూశాను. అంచు పొడుగునా పువ్వుల కోసం వేసిన దారాలు తెగి, కొసలు పైకి లేచి, పిల్లి గీరినట్టుగా ఉంది. అదే చెప్పాను. పువ్వులు పువ్వుల మాదిరి లేవని, ఎవరూ కొనరని కూడా అన్నాను. తాత ఊ కొడుతూ నేస్తూ పోయాడు.

శుక్రవారం చీర పూర్తయింది. తాత దాన్ని కోసి, అరుగు మీద పరిచి, తిరగేశాడు. నేతలో చీర మంచి మొహం కిందికి ఉండడం, మేము పైనుంచి చూసేది వెనకవైపు కావడం నేను అంతకుముందు ఎన్నిసార్లు చూడలేదు! కానీ పెత్తనం నెత్తికెక్కితే కళ్లముందున్నది కూడా కనిపించదు. కొసలన్నీ అడుగుకు పోయి, అంచంతా పువ్వులు ఒక్కటీ చెదరకుండా ఉన్నాయి.

“ఇప్పుడు సెప్పు,” అన్నాడు తాత. బాగుందన్నాను. ఆయన చీర మడత పెడుతూ, నా మొహం వైపు చూడకుండానే అడిగాడు. “మూడు గంటలకు ఆట అంటివి. మూడున్నర గంటల సినిమా అంటివి. ఆరు గంటల బస్సు ఎట్లెక్కినావు పాపా?”

నేను భోరుమని ఏడ్చేశాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. తన తుండుతో నా మొహం తుడిచాడు. తాతా, నువ్వు పోయి అక్కకు చెప్పు అని కాళ్లకు చుట్టుకున్నాను. “నేను సెప్తే నా మాట అయితుంది. ఆయమ్మ వినింది నీ మాట. నువ్వే పోవల్ల,” అన్నాడు.

మా గుమ్మానికీ వాళ్ల గుమ్మానికీ మధ్య పది అడుగులు ఉండవు. అంత దూరం నేను మళ్లీ ఎన్నడూ నడవలేదు. అక్క పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది. అబద్ధం సెప్పినానక్కా, చివర నేను సూడనే ల్యాదు అన్నాను. ఆమె చేతులు ఆగలేదు. రొట్టె పెనం మీద వేసి, నీళ్లతో తడిపి, తిరగేసింది. అంతా అయ్యాక అడిగింది.

“అయితే తలుపు తీసిండొచ్చు?”

“తీసిండొచ్చు. తీయకపోయిండొచ్చు. నాకు తెలీదక్కా.”

తిడుతుందని ఎదురు చూశాను. ఆమె ఆ వేడి రొట్టె తుంచి, నంజుకోను చెనక్కాయ ఊరుబిండి పెట్టి నా చేతికిచ్చింది. తిన్నాక, రా జడ వేస్తా అంది. నాలుగు రోజులుగా నా జడ మా అమ్మే వేస్తున్న సంగతి అప్పుడు గుర్తొచ్చి మళ్లీ ఏడుపొచ్చింది.

ఆదివారం మా తాత నూలు తెచ్చే పని పెట్టుకుని అక్కను వెంటబెట్టుకుని ఆదోనికి పోయాడు. ఆరు గంటల బస్సుకు ఒక్కడే తిరిగి వచ్చాడు. వాళ్లమ్మ ఆ ఒంటరి మనిషిని చూసి సంతోషంతో కూలబడిపోయింది.

అక్క ఉగాదికి మొగుడితో కలిసి వచ్చింది. నేను ఆమెను పక్కకు లాక్కుపోయి, ఇన్నాళ్లూ దాచుకున్న ప్రశ్న అడిగాను, చివరికి ఏమైందని. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “మేమూ సూడల్యామే! మజ్జెలో సోడా తాగను బయటికొస్తిమి. ఇంటికి పోదామా అనె. పోదాం అంటి.” ఆ సినిమాను ఎందుకు ఎంచుకున్నావని వాళ్లాయనను అడిగిందట కూడా. ఆయనకు కథేమిటో తెలియదు, ఆ వారం ఊళ్లో ఆడుతున్నది అదే కాబట్టి దానికి రమ్మన్నాడు.

ఇప్పుడు నా మనవరాళ్లు ఫోనులో సినిమాలు పెట్టి, చూడమని నా చేతికిస్తారు. అయిపోగానే ఎట్లుంది అవ్వా అని అడుగుతారు. నేను ముందు చుట్టూ ఎవరెవరు కూర్చున్నారో చూస్తాను. తర్వాత ఎంతవరకు చూశానో, ఎక్కడ కునుకు పట్టిందో చెప్పి, ఆ మీదట నాకు తోచింది చెప్తాను. కునుకు పట్టిందంటే పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నవ్వనీ. ఆ వానలో ఆ తలుపు తెరుచుకుందో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు. తెలియదని చెప్పడానికి మాత్రం పక్కింటి అక్క పొయ్యి ముందు నిలబడిన ఆ రోజు తర్వాత ఎన్నడూ సిగ్గుపడలేదు.