నాగమల్లేశ్వరి బ్యాగులోని స్కార్ఫ్

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని హెర్న్‌డన్‌లో మేమున్న అపార్ట్‌మెంట్లలో నాగమల్లేశ్వరి ఆంటీ తెలియనివాళ్లు లేరు. భర్త పోయాక, తమ్ముడు స్పాన్సర్ చేస్తే 2003లో నరసరావుపేట నుంచి వచ్చింది. ఇళ్లల్లో వంటలు చేసేది. ఎక్కువగా వెళ్లింది శశికళ ఇంటికే. శశికళ భర్త శ్యామ్‌సుందర్ ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో డైరెక్టర్. వాళ్లకు పాప పుట్టినప్పుడు పథ్యం వండిందీ, నలుగు పెట్టి నీళ్లు పోసిందీ ఆంటీయే. "మా అక్క" అనే శశికళ ఆమెను అందరికీ పరిచయం చేసేది.

2011 డిసెంబరులో ఇద్దరూ కలిసి మాల్‌కి వెళ్లారు. ఒక దుకాణంలో శశికళ పట్టు స్కార్ఫ్ ఒకటి ఆంటీ చేతికిచ్చింది. "బిల్ అయిపోయిందక్కా, నీ బ్యాగ్‌లో వేసుకో" అంది. తలుపు దాటగానే సెక్యూరిటీ ఆపింది. ఆంటీ బ్యాగులో ఒకటి, శశికళ కోటు లోపల ఇంకొకటి. రెండింటికీ బిల్లు లేదు. ఇద్దరి మీదా దొంగతనం కేసు పెట్టారు.

"నువ్వేం భయపడకక్కా. నీకేం తెలీదని కోర్టులో నేనే చెప్తాను" అంటూ తిరిగొచ్చేటప్పుడు శశికళ కార్లో ఏడ్చింది. ఆంటీయే ఆమెను ఓదార్చింది.

నేనప్పుడు ఎం.ఏ. చదువుతూ, విక్టోరియా రాణి కాలపు లండన్ కోర్టుల మీద థీసిస్ రాస్తున్నాను. ఆ రోజుల్లో పెద్దింటి ఇల్లాలు దుకాణంలో లేసు కాజేస్తే, డాక్టరొచ్చి అది నరాల జబ్బని చెప్పేవాడు. చాలాసార్లు వదిలేసేవారు. అదే పని పనిమనిషి చేస్తే జైలు. యజమానురాలు వచ్చి "ఈ పిల్ల మంచిది" అంటే మాత్రం శిక్ష తగ్గొచ్చు. ఇదంతా ఎప్పటి మాటో అనుకుంటూనే ఫిబ్రవరిలో ఆంటీని కోర్టుకి తీసుకెళ్లాను.

ముందు శశికళను పిలిచారు. డిప్రెషన్ అంటూ ఆవిడ లాయర్ డాక్టర్ ఉత్తరం ఇచ్చాడు. కౌన్సెలింగ్‌కి వెళ్తోందని విని కేసు కొట్టేశారు.

తర్వాత ఆంటీ వంతు. కోర్టు ఇచ్చిన లాయర్ శశికళనే సాక్ష్యానికి పిలిచి, ఆ స్కార్ఫ్ ఆంటీ బ్యాగులోకి ఎలా వచ్చిందని అడిగాడు. శశికళ, వెనక కూర్చున్న తన భర్త వైపు చూసింది.

"ఐ డోంట్ రిమెంబర్" అంది.

ఆ ఇంగ్లీషు ముక్క ఆంటీకి తెలుసు. అయినా ఫోన్‌లో ఉన్న ఇంటర్‌ప్రెటర్ తెలుగులో చెప్పేదాకా శశికళ ముఖంకేసే చూస్తూ ఉంది.

"నేను తీయలేదయ్యా" అని మాత్రం చెప్పగలిగింది. జడ్జి నమ్మలేదు. జైలుకి పంపలేదు కానీ, ఫైన్ వేసి, పేరు మీద నేరం రాశారు.

"పది రోజుల్లో అప్పీల్ చేయొచ్చు ఆంటీ" అన్నాను పార్కింగ్‌లో.

"మళ్లీ దాన్ని పిలిపించి అడగాలా? వద్దమ్మా దేదీప్యా. జడ్జి నన్నెరగడు, నమ్మలా. అది ఎనిమిదేళ్లు నా చేతి అన్నం తింది. అదీ నన్నెరగదా?"

ఆ నెలలోనే ఆంటీ చేరాల్సిన స్కూల్ క్యాంటీన్ ఉద్యోగం బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పోయింది. తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వంటకు పిలవడం మానేశారు. శశికళను మాత్రం "పాపం, ఎంత స్ట్రెస్‌లో ఉందో" అని పలకరించి వచ్చారు.

వేసవిలో శశికళ ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"పాప బర్త్‌డే అక్కా. నీ బొబ్బట్లే కావాలని ఒకటే గొడవ. అయిందేదో అయింది. కార్ పంపనా?"

"పాపని చల్లగా ఉండమను" అని ఆంటీ ఫోన్ పెట్టేసింది.

తర్వాత ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. శశికళ వాళ్ల వీధి మీదుగా నేరుగా వెళ్లే బస్సు ఉంది. అయినా రెండు బస్సులు మారి వెళ్లేది.