క్రేన్ బాబాయి కాళ్ళనొప్పులు

మా క్రేన్ బాబాయి అలసిపోయినంతగా ఈ భూప్రపంచంలో ఇంకెవరూ అలసిపోయి ఉండరు. మిగతావాళ్ళు పనిచేసి అలసిపోతారు. బాబాయి పని తలుచుకుని అలసిపోతాడు, పక్కవాడు పనిచేస్తుంటే చూసి అలసిపోతాడు, ఏ పనీ లేకపోతే ఆ ఖాళీని భరించలేక అలసిపోతాడు.

మనిషిని చూస్తే ఈ మాట ఎవరూ నమ్మరు. గుమ్మానికి అడ్డం నిలబడితే గదిలోకి వెలుతురు రాదు, అంత మనిషి. ఎత్తైన మేడలు కట్టేచోట క్రేన్ నడపడం ఆయన ఉద్యోగం. పొద్దున్నే ఇనప నిచ్చెన పట్టుకుని ఆకాశంలోకి ఎక్కి, అక్కడ అగ్గిపెట్టెంత గదిలో సాయంత్రం దాకా కూర్చుని, ఇంత లావు ఇనప దూలాలను ఇక్కడివక్కడా అక్కడివిక్కడా పెట్టేవాడు. అదే మనిషి ఇంటికొచ్చి, మేడమీద తన గదికి వెళ్తూ నాలుగు మెట్లు ఎక్కగానే గోడ పట్టుకుని రొప్పేవాడు.

"రోజూ అంత ఎత్తు ఎక్కుతావు కదయ్యా, ఈ నాలుగు మెట్లకేనా?" అని అమ్మ అడిగేది.

"అది డ్యూటీ వదినా. డ్యూటీలో ఎక్కితే అలసట తెలీదు. ఇవి సొంత మెట్లు."

పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, పెళ్ళిలో అంతమందికి నమస్కారం పెట్టే ఓపిక తనకు లేదనేవాడు.

మేమంతా కలిసి ఎక్కడికైనా నడిచి వెళ్తే సగం దారిలో బాబాయి కూలబడటం ఖాయం. ఏ దుకాణం మెట్లో కనిపించగానే దబ్బున కూర్చుని, ఆఖరి మాటలు చెబుతున్నవాడిలా చెయ్యెత్తి, "ఇక నావల్ల కాదు. నన్నిక్కడే వదిలేసి మీరెళ్ళండి. పిల్లల్ని బాగా చదివించండి," అనేవాడు. చచ్చినట్టు అందరం కూర్చోవాల్సి వచ్చేది. బంధువుల ఇంటికెళ్తే ఇంకా చెప్పులు విప్పకముందే "ఆకలి" అని కేక పెట్టి మా పరువు తీసేవాడు. తమ్ముడికి సూది వేయించడానికి తీసుకెళ్తే, సూది చూసి తను పడిపోయాడు. డాక్టరూ నర్సూ ఆయన్ని లేపలేక నానా అవస్థ పడుతుంటే, మా తమ్ముడు పడీ పడీ నవ్వుతూ చెయ్యి చాపి కూర్చున్నాడు.

బాబాయిలాంటి తమ్ముడికి ఎలాంటి అన్న ఉండకూడదో సరిగ్గా అలాంటివాడు మా నాన్న. బస్ డిపోలో టైమ్‌కీపరు. ఆయన దృష్టిలో మేమంతా బస్సులమే. స్నానానికి వెళ్ళడం ఒక ట్రిప్పు, రావడం ఒక ట్రిప్పు. మధ్యలో ఎక్కడా ఆగకూడదు.

ఇక అమ్మ. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. రోజంతా నిలబడే పని. ఇంటికొచ్చాక కూడా వంటింట్లో నిలబడేది, మాకు వడ్డిస్తూ నిలబడేది, ఆఖరికి టీవీ కూడా గుమ్మంలో నిలబడే చూసేది. ఎవరేం అడిగినా ఒకటే జవాబు: "నాకేం, బానే ఉన్నాను."

ఆ ఏడాది సెలవుల్లో నాన్న మమ్మల్ని థీమ్ పార్కుకు తీసుకెళ్ళాడు. పార్కు గేటుకు ఎదురుగానే హోటల్, రెండు మంచాలు, నేలమీద మూడు పరుపులు. ఏ ఆట తర్వాత ఏ ఆటో, ఎక్కడ తినాలో, ఎక్కడ చేతులు కడుక్కోవాలో అన్నీ నాన్న ముందే ఖాయం చేసేశాడు. పార్కులో మొదటిరోజంతా మేం పరిగెత్తాం. నేనూ తమ్ముడూ చెల్లీ ఆటల్లోకి, నాన్న తర్వాతి క్యూలోకి, మా వెనక సంచులూ నీళ్ళ సీసాలూ తడిసిన చొక్కాలూ మోసుకుంటూ అమ్మ. అందరికంటే వెనక, ప్రతి బెంచీ దగ్గరా ప్రాణం పోయినట్టు వాలిపోతూ బాబాయి.

జెయింట్ వీల్ దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఆగింది. తల బాగా పైకెత్తి చూసింది.

"అంత పైనుంచి చూస్తే ఏం కనిపిస్తుందో!" అంది.

అమ్మ తనకోసం ఏదైనా కావాలనుకోగా నేను చూడటం అదే మొదటిసారి. ఎక్కుతానని అనలేదు. కానీ ఆ మొహం చూస్తే చిన్నపిల్లక్కూడా అర్థమవుతుంది. నాన్న మాత్రం గడియారం చూశాడు.

"అది ఆఖర్న. టైముంటే."

రెండోరోజు మధ్యాహ్నానికి అమ్మ వెనకబడటం మొదలుపెట్టింది. కమ్మీ పట్టుకుని నడుస్తోంది. చెప్పు కరుస్తోందా అని అడిగాను. "నాకేం, బానే ఉన్నాను. నువ్వు పరిగెత్తు, నీ వంతు పోతుంది," అంది. నేను పరిగెత్తాను.

సాయంత్రం పార్కు గేటు దాటుతూనే బాబాయి రోడ్డు పక్క బెంచీమీద కూలబడ్డాడు. ఈసారి మామూలుగా కాదు. రెండు కాళ్ళూ చాపి, వాటిని రెండు చేతులతో పట్టుకుని, వీధంతా తిరిగి చూసేలా మూలిగాడు.

"అయిపోయింది అన్నయ్యా! ఈ కాళ్ళు ఇక నావి కావు. రేపు నాకు సెలవు కావాలి."

"నువ్వు గదిలో పడుకోరా. మేం వెళ్ళొస్తాం."

"కొత్త ఊళ్ళో ఒక్కణ్ణీ వదిలేస్తావా? నాకు భయం."

"నీకు భయమేమిట్రా, గున్న ఏనుగులా ఉన్నావు!"

"మనిషి పెద్దగా ఉంటే భయం కూడా పెద్దగానే ఉంటుంది."

నాన్న చాలా తిట్టాడు. రేపు నీళ్ళ ఆటలన్నాడు, టికెట్లు ఎల్లుండితో ఆఖరన్నాడు. తమ్ముడు ఏడ్చాడు, చెల్లి తమ్ముణ్ణి చూసి ఏడ్చింది. నేను బాబాయితో ఈ జన్మకు మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. బాబాయి మాత్రం బెంచీకి అతుక్కుపోయాడు. ఆ శరీరాన్ని లేపాలంటే ఆయన క్రేనే రావాలి. చివరికి నాన్నే ఓడిపోయాడు.

"సరే, రేపు రెస్టు. మొత్తం రెస్టే. పొద్దున రెస్టు, టిఫినయ్యాక రెస్టు, ఆ తర్వాత కాసేపు గ్యాప్, మళ్ళీ రెస్టు. టైము దాటితే ఊరుకోను!"

విశ్రాంతి రోజు తెల్లవారింది. అమ్మకు విశ్రాంతి ఎలా తీసుకుంటారో తెలియదు. లేస్తూనే మా మేజోళ్ళన్నీ పట్టుకుని బాత్‌రూంలోకి వెళ్ళింది. కుళాయి తిప్పిందో లేదో, మంచంమీంచి బాబాయి కేక.

"వదినా! ఆ నీళ్ళ చప్పుడుకి కాళ్ళు మరీ లాగేస్తున్నాయి!"

కుళాయి కట్టేసి అమ్మ బయటికొచ్చింది. రెండు నిమిషాలు ఊరికే నిలబడింది. తర్వాత మంచంమీది దుప్పటి అంచు వేళ్ళమధ్య పట్టుకుని చూసి, మొహం చిట్లించింది.

"ఇదేం ఇస్త్రీ? మూలలు చూడు ఎలా ఉన్నాయో! కింద అడిగితే పెట్టె ఇస్తారేమో, అన్నీ ఓసారి తోసేస్తాను."

సెలవుల్లో డబ్బులిచ్చి హోటల్లో దిగి, ఆ హోటల్ దుప్పట్లు తనే ఇస్త్రీ చేసేవాళ్ళు మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఉండరు. అమ్మ అప్పటికే దుప్పటి లాగుతోంది. బాబాయి దానిమీద బోర్లా పడి రెండు చేతులతో మంచం పట్టుకున్నాడు.

"లాగకు వదినా! నడుం పట్టేసింది! దుప్పటి కదిలిస్తే నేను రెండు ముక్కలైపోతాను!"

"మరి నన్నేం చెయ్యమంటావయ్యా?"

"వేణ్ణీళ్ళు కావాలి. ఉప్పేసి. కాళ్ళు పెట్టుకుంటాను."

నాన్న తిట్టుకుంటూ కిందికెళ్ళి టబ్బుతో వేణ్ణీళ్ళు తెచ్చాడు. బాబాయి బొటనవేలు అలా ముంచి, కెవ్వుమని వెనక్కి తీసుకున్నాడు.

"కాలిపోయింది! వదినా, మరీ వేడిగా ఉన్నాయేమో నువ్వోసారి కాళ్ళు పెట్టి చూడు."

అమ్మ కుర్చీలో కూర్చుని పాదాలు పెట్టింది. "బానే ఉన్నాయిగా."

"లేదు లేదు. నాకు సెగ తగులుతోంది. చల్లారేదాకా అలాగే ఉంచు."

"నా కాళ్ళు పెడితే చల్లారతాయా?"

"తొందరగా చల్లారతాయి. క్రేన్ పనిలో నేర్పుతారు."

క్రేన్ పనిలో ఏం నేర్పుతారో మాకెవరికీ తెలియదు కాబట్టి ఎదురు చెప్పలేకపోయాం. నీళ్ళు చల్లారిపోయాయి. చల్లారిపోయాయి కాబట్టి ఇక తనకు పనికిరావన్నాడు బాబాయి. నాన్న ఇంకో టబ్బు తెచ్చాడు. అదీ మరీ వేడిగా ఉంది. అదీ అమ్మే చల్లార్చింది. నాన్న టబ్బు పట్టుకుని మెట్లెక్కీ దిగీ చెమటలు కక్కుతుంటే, బాబాయి పడుకునే సలహా ఇచ్చాడు.

"నువ్వూ కాస్త రెస్టు తీసుకో అన్నయ్యా. చూస్తుంటే నాకే ఆయాసమొస్తోంది."

భోజనం తర్వాత కొత్త పేచీ. గదిలో ఒక్కరు మెలకువగా ఉన్నా తనకు నిద్ర పట్టదట. పిల్లలూ పడుకోవాలి, అన్నయ్యా పడుకోవాలి, వదిన కూడా పడుకోవాలి. పగలు నిద్రా అని అమ్మ సణిగింది. బాబాయి కళ్ళు తేలేసి మూలిగాడు. ఆ బాధ చూడలేక అమ్మ పడుకుంది. కర్టెన్లు మూసేశాం. కాసేపటికి ముందు బాబాయి గురక, తర్వాత నాన్న గురక, వాటి మధ్య ఎక్కడో నేనూ నిద్రపోయాను.

లేచేసరికి బాబాయి లేడు. తమ్ముడూ చెల్లీ కూడా లేరు. నాన్న గురక పెడుతున్నాడు. అమ్మ నోరు కొద్దిగా తెరిచి, ఒక పక్కకు తిరిగి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. అమ్మ నిద్రపోతుండగా నేను అంతకుముందు చూడలేదు. నేను పడుకున్నాక పడుకుని, లేవకముందే లేచే మనిషి. దుప్పటి కిందినుంచి ఆమె పాదాలు బయటికొచ్చాయి. కుడి మడమ ఎర్రగా వాచిపోయి ఉంది. చెప్పుపట్టీ రాసుకున్నచోట చర్మం లేచిపోయింది. ఆ కాలితోనే అమ్మ రెండు రోజులు మా వెనక నడిచింది.

కిటికీలోంచి కింద ఏదో కదిలినట్టుంటే కర్టెన్ తొలగించి చూశాను. హోటల్ వెనక ఖాళీ స్థలంలో బాబాయి రోలర్ కోస్టర్ అయిపోయాడు. భుజాలమీద చెల్లి, వీపుకు వేలాడుతూ తమ్ముడు. పూలకుండీల మీంచి దూకుతున్నాడు, గుండ్రంగా తిరుగుతున్నాడు, వాళ్ళు అరవబోతే నోటిమీద వేలుంచి మా గది కిటికీ వైపు చూపిస్తున్నాడు.

నేను కిందికి పరిగెత్తాను.

"బాబాయ్! నీ కాలు?"

"ఏ కాలు?" అన్నాడు. వెంటనే గుర్తొచ్చి, "అబ్బా!" అంటూ ఎడమకాలితో కుంటడం మొదలుపెట్టాడు. మళ్ళీ అనుమానమొచ్చి కుడికాలికి మారాడు.

"నీకు నొప్పి లేదు కదూ?"

బాబాయి పిల్లలిద్దర్నీ దించి, నా పక్కన చతికిలబడ్డాడు.

"మీ అమ్మకి నొప్పి అనడం చేతకాదు. చిన్నప్పట్నించీ అలవాటు లేదు. ఇంట్లో ఎవరో ఒకళ్ళు అనాలి కదా, నాకు సిగ్గులేదు కాబట్టి నేనంటాను. మీ అమ్మతో అనకు. తెలిస్తే ఇప్పుడే లేచి మేజోళ్ళు ఉతుకుతుంది."

ఇన్నేళ్ళుగా దారిలో మేం ఎక్కడెక్కడ ఆగామో అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆయన కూలబడ్డ ప్రతిసారీ మాలో ఎవరో ఒకరు కాళ్ళీడుస్తూనే ఉన్నారు. మాట్లాడకూడదని పెట్టుకున్న ఒట్టు తీసి గట్టున పెట్టి, నేను కూడా ఆయన వీపెక్కాను.

మర్నాడు అమ్మ కుంటడం తగ్గింది. నీళ్ళ ఆటలన్నీ అయ్యేసరికి పొద్దువాలింది. జెయింట్ వీల్ ముందు క్యూ బారుగా ఉంది. నాన్న గడియారం చూసి పెదవి విరిచాడు. అమ్మ సంచులు సర్దుకుంటూ, "పోనీలెండి, కిందనుంచి చూశాంగా," అంది.

"నాకెక్కాలనుంది!" అన్నాడు బాబాయి నేలమీద కూర్చుంటూ. "కానీ ఒక్కణ్ణీ ఎక్కలేను. కళ్ళు తిరుగుతాయి."

"రోజూ ఆకాశంలో కూర్చుంటావు, నీకు కళ్ళు తిరగడమేమిట్రా?"

"అక్కడ నేను తిప్పుతాను అన్నయ్యా. ఇక్కడ నన్ను తిప్పుతారు."

"సరే, నేనొస్తా పద."

"నువ్వు గడియారం చూస్తావు. నాకు ఇంకా భయమేస్తుంది. వదినైతే చెయ్యి పట్టుకుంటుంది."

నాన్న అమ్మ వైపు చూశాడు. ఏం కనిపించిందో ఏమో, సంచులన్నీ తను తీసుకున్నాడు.

బాబాయీ అమ్మా ఒక పెట్టెలో, మేం ముగ్గురం వెనక పెట్టెలో కూర్చున్నాం. చక్రం కదలగానే అమ్మ బాబాయి చెయ్యి గట్టిగా పట్టుకుంది. సగం పైకెళ్ళాక వదిలేసింది. పైకి వెళ్ళాక ముందుకు వంగి, కమ్మీమీద గడ్డం ఆనించి, కింద దీపాలు వెలుగుతున్న ఊరంతా చూస్తూ ఉండిపోయింది. బాబాయి మాత్రం తనకు రోజూ కనిపించేదాన్ని కాకుండా వదిన మొహాన్నే చూస్తున్నాడు.

చక్రం ఆగింది. నడిపే అతను వచ్చి పెట్టె గొళ్ళెం తీసి, దిగమన్నాడు. అమ్మ కదల్లేదు. బాబాయి వైపు ఒకసారి చూసి, చీర కొంగు సర్దుకుని మరింత వెనక్కి జరిగి కూర్చుంది.

"బాబూ, మా మరిదికి ఇంకా భయం పోలేదు. ఇంకొక్కసారి తిప్పు."

బాబాయి వెంటనే కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని, పెట్టె మొత్తం ఊగేలా వణకడం మొదలుపెట్టాడు.